డాక్‌బుక్ మాన్యువల్‌లో బొమ్మల సైజును సరిగ్గా పెట్టడం ఎలా?

“మాన్యువల్‌ను పీడీఎఫ్‌గా మార్చగానే స్క్రీన్‌షాట్ మార్జిన్ దాటి కాగితం బయటికి పోతోంది, ఏం చేయాలి?” అని టెక్నికల్ రైటింగ్‌లో కొత్తగా చేరినవాళ్లు నన్ను తరచుగా అడుగుతుంటారు. ఏదో ఒక అంకె మార్చి బొమ్మను పేజీలో ఇమిడ్చాక, వారం తిరగకముందే “ఇప్పుడు బొమ్మ పేజీలోనే ఉంది కానీ అందులోని అక్షరాలు చదవడానికి రావడం లేదు” అని మళ్లీ వస్తారు. రెండు ప్రశ్నలకూ మూలం ఒక్కటే. బొమ్మ పేజీలో పట్టిందా లేదా అన్నది మాత్రమే చూస్తున్నాం కానీ, బొమ్మలోని అక్షరం కాగితం మీద ఎంత సైజులో పడుతుందో చూడడం లేదు. ముందు ఆ అక్షరం సైజును నిర్ణయించుకుంటే, బొమ్మ వెడల్పు దానంతట అదే తేలుతుంది.

ఈ వివరణ డాక్‌బుక్ 5 (మాన్యువళ్లు రాయడానికి వాడే ఎక్స్‌ఎమ్‌ఎల్ పద్ధతి)లో రాసి, పేజీ రూపాన్ని నిర్ణయించే డాక్‌బుక్ ఎక్స్‌ఎస్‌ఎల్ స్టైల్‌షీట్లతో, పీడీఎఫ్‌ను తయారుచేసే అపాచీ ఎఫ్‌ఓపీ అనే ప్రోగ్రామ్ ద్వారా పీడీఎఫ్ తీసేవారి కోసం. మాన్యువళ్లకే వాడే డిటా అనే మరో ఎక్స్‌ఎమ్‌ఎల్ పద్ధతిని, ఫ్రేమ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌ను వాడేవారికి ఏం తేడా ఉంటుందో చివర చెప్పాను. ఇక్కడ తెలుగు లిపిలో ఇచ్చిన యాట్రిబ్యూట్ల పేర్లను మీ ఫైలులో ఇంగ్లీషు చిన్న అక్షరాలతో, మధ్యలో ఖాళీ లేకుండా టైపు చేయాలి.

కావలసినవి

డాక్‌బుక్ సోర్స్ ఫైళ్లు, బొమ్మల ఒరిజినల్ ఫైళ్లు, బొమ్మల ఫైళ్లను కమాండ్లతో మార్చే ఇమేజ్‌మ్యాజిక్, పాప్లర్ టూల్స్‌లో వచ్చే పీడీఎఫ్‌ఇమేజెస్ అనే చిన్న ప్రోగ్రామ్, ఒక స్కేలు, ఒక ప్రింటర్ ఉంటే చాలు. బొమ్మల ఫోల్డర్‌ను మొదలుపెట్టే ముందే వేరేచోట కాపీ చేసి ఉంచుకోండి. ఇమేజ్‌మ్యాజిక్‌లోని మాగ్రిఫై కమాండ్ ఒరిజినల్ ఫైలు మీదే రాసేస్తుంది, తర్వాత వెనక్కి తీసుకోవడానికి వీలుండదు.

1. పేజీలో బొమ్మకు దొరికే చోటును కొలవండి

ఏ4 కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. రెండు వైపులా 25 మిల్లీమీటర్ల చొప్పున మార్జిన్ వదిలితే మిగిలేది 160 మిల్లీమీటర్లు, అంటే సుమారు 6.3 అంగుళాలు. మీ స్టైల్‌షీట్‌లో పేరాలను ఎడమ నుంచి జరిపి అమర్చి ఉంటే అది కూడా తీసేయాలి. నంబర్ల జాబితా లోపల పెట్టే బొమ్మకు ఇంకా తక్కువ చోటు దొరుకుతుంది. మాన్యువల్‌లో ఎక్కువ స్క్రీన్‌షాట్లు వచ్చేది అక్కడే కాబట్టి ఆ కొలతను విడిగా రాసి పెట్టుకోండి.

2. అక్షరం సైజును బట్టి రిజల్యూషన్‌ను ఎంచుకోండి

లెక్క చాలా చిన్నది. స్క్రీన్‌షాట్‌లోని అక్షరం సైజును పిక్సెళ్లలో తీసుకొని, 72తో గుణించి, డీపీఐతో (కాగితం మీద అంగుళానికి పడే పిక్సెళ్ల సంఖ్యతో) భాగిస్తే కాగితం మీద ఆ అక్షరం ఎన్ని పాయింట్లు ఉంటుందో వస్తుంది. 72 పాయింట్లు ఒక అంగుళం. విండోస్‌లో డిస్‌ప్లే స్కేలింగ్ 100 శాతం ఉన్నప్పుడు మెనూల అక్షరాలు 12 పిక్సెళ్లు ఉంటాయి. దాన్ని 120 డీపీఐతో పెడితే 7.2 పాయింట్లు వస్తుంది, హాయిగా చదవవచ్చు. 150 డీపీఐతో పెడితే 5.76 పాయింట్లకు పడిపోతుంది, కళ్లు చికిలించాలి. “ప్రింట్‌కు 300 ఉండాలి” అని ఎవరో చెప్పారని 300 పెడితే 2.88 పాయింట్లు మిగులుతుంది, అది ఎవరికీ పనికిరాదు. 300 అన్న అంకె ఫొటోలకు సంబంధించినది. స్క్రీన్‌షాట్‌కు దాన్ని తగిలించడం నేను చూసిన పొరపాట్లలో అన్నిటికంటే ఎక్కువగా జరిగేది.

స్క్రీన్ మీద తెలుగు ఉంటే ఇంకొంచెం జాగ్రత్త పడాలి. ‘థ’కు, ‘ధ’కు మధ్య తేడా లోపలి చుక్క ఒక్కటే. ఆ చుక్క చెరిగిపోతే మాటే మారిపోతుంది. ఒత్తులు ప్రధానాక్షరం కంటే చిన్నగా ఉంటాయి కాబట్టి ముందుగా మసకబారేవి అవే. అందుకే తెలుగు ఇంటర్‌ఫేస్ ఉన్న సాఫ్ట్‌వేర్ మాన్యువళ్లలో నేను 8 పాయింట్లకు తగ్గనివ్వను. 12 పిక్సెళ్ల అక్షరానికి 108 డీపీఐ పెడితే సరిగ్గా 8 పాయింట్లు వస్తుంది.

ఇలా ఎంచుకున్న అంకెను పుస్తకం మొత్తానికీ ఒకే విధంగా వాడండి. ఒక పేజీలో ‘సేవ్’ బటన్ గోరంత ఉండి, తర్వాతి పేజీలో అదే బటన్ అగ్గిపెట్టెంత కనిపిస్తే, ఇవి రెండూ ఒకే బటనా అన్న సందేహం చదివేవారికి కలుగుతుంది. ప్రతి బొమ్మనూ పేజీ వెడల్పుకు సాగదీసే అలవాటు ఈ గందరగోళానికి దారితీస్తుంది.

మొబైల్ స్క్రీన్‌షాట్లకు మాత్రం వేరే అంకె కావాలి. 1080 పిక్సెళ్ల వెడల్పు, 2400 పిక్సెళ్ల ఎత్తు ఉన్న ఫోన్ బొమ్మను 120 డీపీఐతో పెడితే 20 అంగుళాల ఎత్తు వస్తుంది, అది ఏ పేజీలోనూ పట్టదు. ఫోన్‌లో ఒక్కో అక్షరానికి పిక్సెళ్లు ఎక్కువగా ఉంటాయి కాబట్టి, దాన్ని 400 డీపీఐతో పెట్టినా 42 పిక్సెళ్ల అక్షరం సుమారు 7.5 పాయింట్లతో చక్కగా కనిపిస్తుంది. బొమ్మ 69 మిల్లీమీటర్ల వెడల్పు, 152 మిల్లీమీటర్ల ఎత్తుకు తగ్గుతుంది.

3. బొమ్మను తీసేటప్పుడే కొలతలో తీయండి

120 డీపీఐకి 6.3 అంగుళాల్లో పట్టేవి 756 పిక్సెళ్లు. అంటే 1366 లేదా 1920 పిక్సెళ్ల పూర్తి స్క్రీన్‌ను తీసి పేజీలో ఇమడ్చాలని ప్రయత్నించడం వృథా. స్క్రీన్‌షాట్ తీయడానికి ముందే సాఫ్ట్‌వేర్ విండోను చిన్నది చేయండి, లేదా ఆ స్టెప్‌కు సంబంధించిన భాగాన్ని మాత్రమే కత్తిరించండి. పూర్తి స్క్రీన్ తప్పదనుకుంటే, అక్షరాలు చదవడానికి కాకుండా అమరిక చూపడానికే ఆ బొమ్మ అని ఒప్పుకొని చిన్నగా పెట్టి, ముఖ్యమైన భాగాన్ని పక్కనే విడిగా సరైన సైజులో ఇవ్వండి.

బొమ్మ ఇంకా స్పష్టంగా కావాలంటే విండోస్ డిస్‌ప్లే స్కేలింగ్‌ను 150 శాతానికి పెంచి, డీపీఐని కూడా అదే నిష్పత్తిలో 180కి పెంచండి. 12 పిక్సెళ్ల అక్షరం 18 పిక్సెళ్లు అవుతుంది, కాగితం మీద అదే 7.2 పాయింట్లు ఉంటుంది, అంచులు మాత్రం నునుపుగా వస్తాయి. టీమ్‌లో నలుగురు బొమ్మలు తీస్తుంటే నలుగురి కంప్యూటర్లలోనూ స్కేలింగ్ ఒకేలా ఉందో లేదో ముందే సరిచూసుకోండి. రెటీనా స్క్రీన్ ఉన్న మ్యాక్‌లో తీసిన బొమ్మలో పిక్సెళ్లు రెట్టింపు ఉంటాయి, దాన్ని విండోస్ బొమ్మలతో కలిపేస్తే లెక్క తప్పుతుంది.

హెచ్చరిక: స్క్రీన్‌షాట్‌ను పీఎన్‌జీగానే సేవ్ చేయండి. జేపెగ్‌లో అక్షరాల చుట్టూ మురికి మచ్చలు వస్తాయి. మెసేజింగ్ యాప్‌లో ఫొటోగా పంపించుకున్న బొమ్మను అసలు వాడకండి, అందులో పిక్సెళ్లే తగ్గిపోయి ఉండవచ్చు. ఈమెయిల్‌లో అటాచ్‌మెంట్‌గా గాని, ఫోల్డర్ షేర్ చేసి గాని తెప్పించుకోండి.

4. ఫైలులోనే డీపీఐని రాయండి

పీఎన్‌జీ ఫైలులో మీటరుకు ఎన్ని పిక్సెళ్లు అన్న చిన్న సమాచారం ఉండవచ్చు. 120 డీపీఐ అంటే మీటరుకు 4724 పిక్సెళ్లు. ఎఫ్‌ఓపీ ఆ సమాచారాన్ని చదివి బొమ్మ సహజ సైజును లెక్కిస్తుంది. అది లేకపోతే తన కాన్ఫిగరేషన్‌లోని సోర్స్ రిజల్యూషన్ విలువను, అదీ మీరు పెట్టకపోతే 72ను వాడుకుంటుంది. స్క్రీన్‌షాట్లు కాగితం దాటిపోవడానికి చాలా సందర్భాల్లో కారణం ఈ 72 అన్న అంకే.

ఇమేజ్‌మ్యాజిక్‌లో యూనిట్స్ ఆప్షన్‌ను పిక్సెల్స్ పర్ ఇంచ్‌గా, డెన్సిటీ ఆప్షన్‌ను 120గా ఇచ్చి ఫోల్డర్‌లోని పీఎన్‌జీలన్నిటికీ ఒకేసారి వర్తింపజేయండి; మొబైల్ బొమ్మలను వేరే ఫోల్డర్‌లో ఉంచి, వాటికి వాటి అంకె ఇవ్వండి. డెన్సిటీ ఆప్షన్ పిక్సెళ్లను తాకదు, ఆ అంకెను మాత్రమే మారుస్తుంది. పేరు దగ్గరగా ఉందని రీశాంపిల్ ఆప్షన్‌ను వాడితే అది పిక్సెళ్లనే మార్చేసి అక్షరాలను అలికేస్తుంది. తర్వాత ఐడెంటిఫై కమాండ్‌తో రెండు మూడు ఫైళ్లను తెరిచి అంకె నిలిచిందో లేదో చూడండి.

ఈ విషయంలో నాకు ఎదురైన ఇబ్బంది ఒకటి చెప్పాలి. ఒక మాన్యువల్ విడుదలకు ముందురోజు, పీడీఎఫ్ సైజు తగ్గుతుందని బొమ్మలన్నిటినీ ఒక ఆప్టిమైజర్‌లో వేశాను. పిక్సెళ్లు మారలేదు, కంటికి ఏ తేడా కనిపించలేదు. కానీ ఆ ప్రోగ్రామ్ అనవసరమైన సమాచారం అనుకుని డీపీఐని తీసేసింది. అప్పటిదాకా 720 పిక్సెళ్లకు 152 మిల్లీమీటర్ల వెడల్పు వచ్చిన బొమ్మ, 72 డీపీఐ లెక్కతో 254 మిల్లీమీటర్లు అయింది. కాగితం వెడల్పే 210. ప్రతి స్క్రీన్‌షాట్‌లోనూ కుడివైపున ఉండే ‘ఓకే’, ‘క్యాన్సిల్’ బటన్లు మాయమయ్యాయి. అప్పటి నుంచి ఆప్టిమైజర్ తర్వాతే డెన్సిటీ రాస్తున్నాను, పైగా ఎఫ్‌ఓపీ కాన్ఫిగరేషన్‌లో సోర్స్ రిజల్యూషన్‌ను కూడా 120గా పెడుతున్నాను. ఒకటి తప్పినా ఇంకొకటి ఆదుకుంటుంది.

5. డాక్‌బుక్‌లో సరైన యాట్రిబ్యూట్‌ను వాడండి

డాక్‌బుక్‌లో బొమ్మ ఫైలును చూపించే ఇమేజ్‌డేటా ఎలిమెంట్‌లో రెండు రకాల కొలతలు ఉన్నాయి, వీటిని కలిపేయడం వల్లే చాలా తికమక పుడుతుంది. విడ్త్, డెప్త్ అనేవి బొమ్మకు కేటాయించిన చట్రం కొలతలు. కంటెంట్‌విడ్త్, కంటెంట్‌డెప్త్ అనేవి ఆ చట్రంలో కూర్చునే బొమ్మ కొలతలు. ఫొటో ఫ్రేము, అందులోని ఫొటో వేరు వేరు అన్నట్టే ఇదీ. శాతాల అర్థం కూడా మారుతుంది: విడ్త్‌లో 100 శాతం అంటే అందుబాటులో ఉన్న చోటంతా, కంటెంట్‌విడ్త్‌లో 100 శాతం అంటే బొమ్మ సహజ సైజు. స్కేల్ అనే యాట్రిబ్యూట్ సహజ సైజులో శాతం. దానికి శాతం గుర్తు పెట్టకూడదు, అంకె మాత్రమే రాయాలి.

నాలుగో స్టెప్‌ను సరిగ్గా చేసినవారు సాధారణంగా ఏ కొలతా రాయనక్కర్లేదు. ఎక్కడైనా బొమ్మ పెద్దదై పొరపాటున మార్జిన్ దాటుతుందన్న భయం ఉంటే విడ్త్‌కు 100 శాతం, స్కేల్‌ఫిట్‌కు 1, కంటెంట్‌డెప్త్‌కు 100 శాతం అని మూడింటినీ కలిపి ఇవ్వండి. డాక్‌బుక్ ఎక్స్‌ఎస్‌ఎల్‌తో ప్రింట్ తీసేవారు వాడే పద్ధతి ఇది: చిన్న బొమ్మ తన సైజులో ఉండిపోతుంది, పెద్ద బొమ్మ మాత్రమే చోటుకు తగ్గట్టు కుదించుకుంటుంది. పుస్తకం మొత్తానికి పెట్టే ముందు ఒక చిన్న బొమ్మతో, ఒక పెద్ద బొమ్మతో మీ సెటప్‌లో పరీక్షించుకోండి.

ఈ మూడింటిలో కంటెంట్‌డెప్త్‌ను మరిచిపోతే ఏమవుతుందో గమనించండి. 200 పిక్సెళ్ల చిన్న హెచ్చరిక పెట్టె 160 మిల్లీమీటర్లకు సాగి, రిజల్యూషన్ 32కు పడిపోయి, మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. జాబితా లోపల పెట్టిన బొమ్మకు చోటు తక్కువ కాబట్టి, అదే బొమ్మ బయట ఒక సైజులో, లోపల ఇంకో సైజులో వస్తుంది.

ఫైలును మార్చే హక్కు మీకు లేకపోతే, అంటే బొమ్మలు వేరే టీమ్ రిపాజిటరీ నుంచి వస్తుంటే, కంటెంట్‌విడ్త్‌ను మిల్లీమీటర్లలో ఇవ్వండి. పిక్సెళ్లను డీపీఐతో భాగించి 25.4తో గుణిస్తే ఆ అంకె వస్తుంది. 600 పిక్సెళ్ల బొమ్మకు 120 డీపీఐతో 127 మిల్లీమీటర్లు. కంటెంట్‌విడ్త్ ఒక్కటి ఇస్తే ఎత్తు దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. రెండూ ఇవ్వకండి, నిష్పత్తిలో కొంచెం తేడా వచ్చినా బొమ్మ నలిగినట్టు అవుతుంది. కంటెంట్‌విడ్త్ ఉన్నచోట స్కేల్‌ను, స్కేల్‌ఫిట్‌ను పట్టించుకోరు కాబట్టి, వాటిని మార్చి మార్చి “పనిచేయడం లేదు” అని సమయం పోగొట్టుకోకండి.

వాక్యం మధ్యలో వచ్చే ఐకాన్‌కు ఇన్‌లైన్‌మీడియాఆబ్జెక్ట్ వాడి, కంటెంట్‌డెప్త్‌ను ఆ పేరా అక్షరం సైజుకు దగ్గరగా, 10 పాయింట్ల వరకు ఇవ్వండి. అంతకంటే పెద్దదైతే ఆ లైను పైకి లేచి లైన్ల మధ్య దూరం చెడిపోతుంది.

6. వెబ్ పేజీకి వేరే దారి చూడండి

ప్రింట్ కోసం ఇచ్చిన మిల్లీమీటర్లు బ్రౌజర్‌లో బొమ్మను అనవసరంగా చిన్నది చేస్తాయి. స్కేల్ శాతాల పరిస్థితి ఇంకా ఇబ్బంది. హెచ్‌టీఎమ్‌ఎల్ తయారయ్యే సమయంలో స్టైల్‌షీట్‌కు బొమ్మ అసలు వెడల్పు తెలియకపోతే, నామినల్ ఇమేజ్ విడ్త్ అనే పారామీటర్ విలువను, అంటే మామూలుగా 540 పిక్సెళ్లను, ఆధారం చేసుకుంటుంది. మీ బొమ్మ 800 పిక్సెళ్లున్నా 300 ఉన్నా లెక్క ఆ 540 మీదే పడుతుంది.

నేను ఇగ్నోర్ ఇమేజ్ స్కేలింగ్ అనే పారామీటర్‌ను హెచ్‌టీఎమ్‌ఎల్‌కు 1గా పెట్టి, బొమ్మలకు సీఎస్‌ఎస్‌లో గరిష్ఠ వెడల్పు 100 శాతం, ఎత్తు ఆటో అని రాస్తాను. రెండు మాధ్యమాలకూ వేరు వేరు ఫైళ్లు కావాలంటే ఒకే మీడియాఆబ్జెక్ట్‌లో రెండు ఇమేజ్‌ఆబ్జెక్ట్‌లు పెట్టి, రోల్ యాట్రిబ్యూట్‌లో ప్రింట్ బొమ్మకు ఎఫ్‌ఓ, వెబ్ బొమ్మకు హెచ్‌టీఎమ్‌ఎల్ అని ఇవ్వండి. స్టైల్‌షీట్ తనకు కావలసినదాన్ని తానే ఎంచుకుంటుంది.

7. ఎస్‌వీజీ బొమ్మల్ని విడిగా చూసుకోండి

ఎస్‌వీజీ ఫైళ్లలో ఉండేవి పిక్సెళ్లు కాదు, గీతలు; అలాంటి బొమ్మలకు డీపీఐ ఉండదు. ఇంక్‌స్కేప్‌లో డాక్యుమెంట్ ప్రాపర్టీస్ తెరిచి, పేజీని బొమ్మ సైజుకు కుదించి, వెడల్పు, ఎత్తులను మిల్లీమీటర్లలో పెట్టి సేవ్ చేయండి. ఇంక్‌స్కేప్ 0.92 కంటే ముందు వెర్షన్లలో అంగుళానికి 90 పిక్సెళ్లు, ఆ తర్వాత 96 పిక్సెళ్లు లెక్క. పాత బొమ్మలు కొంచెం కుంచించుకుపోయినట్టు కనిపిస్తే కారణం ఇదే కావచ్చు. బొమ్మలో తెలుగు పేర్లు ఉంటే, ప్రింట్ కోసం పంపే కాపీలో మాత్రం ఆబ్జెక్ట్ టు పాత్ వాడి అక్షరాలను గీతలుగా మార్చండి. లేకపోతే ఒత్తులు విడిపోయి పక్కకు జరిగే ప్రమాదం ఉంది. ఒరిజినల్‌ను అలాగే ఉంచుకోండి, గీతలుగా మారిన అక్షరాలను తర్వాత దిద్దలేరు.

8. ఫలితాన్ని సరిచూడండి

ముందు ఎఫ్‌ఓపీ ఇచ్చే సందేశాలను చదవండి. ఫలానా బ్లాకులోని విషయం అందుబాటులోని చోటును ఇన్ని మిల్లీపాయింట్లు దాటిందని అది చెబుతుంది. 72,000 మిల్లీపాయింట్లు ఒక అంగుళం. రెండు మూడు వందల తేడాను వదిలేయవచ్చు కానీ లక్షల్లో ఉంటే ఆ బొమ్మకు డీపీఐ లేదని దాదాపుగా ఖాయం.

తర్వాత పీడీఎఫ్‌ఇమేజెస్‌ను లిస్ట్ ఆప్షన్‌తో మీ పీడీఎఫ్ మీద నడపండి. ప్రతి బొమ్మకూ పేజీ నంబరు, పిక్సెళ్లు, అడ్డంగా, నిలువుగా అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు పడ్డాయో వరుసగా చూపిస్తుంది. మీరు 120 ఎంచుకుని ఉంటే, మొబైల్ బొమ్మలకు తప్ప అన్ని స్క్రీన్‌షాట్లకూ 120 కనిపించాలి. ఎక్కడైనా 120 కంటే ఎక్కువ ఉంటే బొమ్మ కుదించుకుందని, తక్కువ ఉంటే సాగిందని అర్థం. అడ్డం అంకె, నిలువు అంకె వేరుగా ఉంటే బొమ్మ నలిగింది, కంటెంట్‌విడ్త్‌తో పాటు కంటెంట్‌డెప్త్ కూడా ఎవరో రాసి ఉంటారు. 400 పేజీల పుస్తకాన్ని కంటితో వెతికితే ఒక పూట పడుతుంది, ఈ జాబితాను చదవడానికి కొన్ని నిమిషాలు చాలు.

చివరిగా రెండు పేజీలు ప్రింట్ తీయండి. ప్రింట్ విండోలో ‘ఫిట్ టు పేజ్’ తీసేసి అసలు సైజు ఎంచుకోవాలి, లేకపోతే ప్రింటర్ తన లెక్కతో మళ్లీ కుదిస్తుంది. స్కేలుతో బొమ్మ వెడల్పు కొలిచి చూడండి. 600 పిక్సెళ్ల బొమ్మకు 127 మిల్లీమీటర్లు రావాలి. ఆ కాగితాన్ని చత్వారం ఉన్న ఒకరి చేతికిచ్చి, బొమ్మలోని మెనూ పేర్లను చదవమనండి. స్క్రీన్ మీద 200 శాతానికి పెంచి “బాగానే ఉంది” అనుకోవడం పరీక్ష కాదు.

డిటా, ఫ్రేమ్‌మేకర్ వాడేవారికి

డిటాలో ఇమేజ్ ఎలిమెంట్‌కు హైట్, విడ్త్, స్కేల్, స్కేల్‌ఫిట్ ఉంటాయి. హైట్ గాని విడ్త్ గాని ఇస్తే స్కేల్‌ను వదిలేస్తారు. ఈ మూడింటిలో ఏది ఉన్నా స్కేల్‌ఫిట్ పనిచేయదు. యూనిట్ రాయకపోతే పిక్సెళ్లు అనుకుంటారు కాబట్టి, 127 అని వదిలేసి మిల్లీమీటర్లు వస్తాయని ఎదురుచూడకండి, ఎమ్‌ఎమ్ అని తప్పక రాయండి. ఫైలులోనే డీపీఐ రాసే పద్ధతి ఇక్కడా వర్తిస్తుంది.

ఫ్రేమ్‌మేకర్‌లో బొమ్మను ఇంపోర్ట్ చేసేటప్పుడు డీపీఐ అడిగే పెట్టె వస్తుంది. అక్కడ మీరు పుస్తకానికి నిర్ణయించుకున్న అంకెనే ఇవ్వండి, ఎంచుకున్న చట్రంలో ఇమడ్చమనే ఆప్షన్‌ను వాడకండి, అది ఒక్కో బొమ్మకు ఒక్కో నిష్పత్తి ఇస్తుంది. మౌస్‌తో మూల పట్టుకుని లాగిన బొమ్మను సరిచేయాలంటే ఆబ్జెక్ట్ ప్రాపర్టీస్‌లో డీపీఐని మళ్లీ ఇస్తే సరిపోతుంది. ఎక్స్‌ఎమ్‌ఎల్‌గా సేవ్ చేశాక, ఫైలును టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి డీపీఐ యాట్రిబ్యూట్ నిజంగా రాయబడిందో లేదో ఒక్కసారి చూసుకోండి. అది లేకపోతే మళ్లీ తెరిచినప్పుడు మీరు పెట్టిన సైజు నిలవకపోవచ్చు.